1/3 పోకర్ టేబుల్ మీద ఫ్లాప్‌కు ముందే 20 డాలర్ల రైజ్ వస్తే ఎలా ఆడాలి

అమెరికా కార్డ్ రూముల్లో 1/3 డాలర్ల నో-లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, మధ్యలో ఫ్లాప్ అనే మూడు ముక్కలతో మొదలై మొత్తం ఐదు పరిచే పోకర్) టేబుల్ దగ్గర కూర్చుంటే, నేర్చుకునేటప్పుడు చదివిన 9 డాలర్ల రైజ్ (పందెం పెంచడం) ఎక్కడా కనబడదు. పేరుకు బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే పందేలు, 1, 3 డాలర్లే. ఆ 3 బిగ్ బ్లైండ్. మొదటి రైజ్ మాత్రం 15, 20, ఒక్కోసారి 25. కొత్తగా కూర్చున్నవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా నష్టపోతారు. కొందరు 9 డాలర్లకు ఆడే ముక్కలన్నీ 20కి కూడా ఆడేస్తారు. ఇంకొందరు బెదిరిపోయి ఏస్‌ల జత, కింగ్‌ల జత తప్ప అన్నీ పడేస్తారు. ఈ రెండు తప్పులకూ మందు ఒకటే, కూడికలు భాగహారాలు వచ్చినవాళ్లెవరైనా కూర్చున్న చోటే వేసుకోగల లెక్క.

ఇక్కడ చెప్పేదంతా చట్టం ఒప్పుకున్న చోట, చిప్స్ చేత్తో పట్టుకుని ఆడే ఆట గురించి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఆడొచ్చనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోవద్దు.

వేరుగా చెబితే తప్ప కింది ఉదాహరణలన్నిట్లో బ్లైండ్లు 1/3, అందరి దగ్గరా 300 డాలర్లు.

మొదటి పని: అది నిజంగా పెద్ద రైజేనా?

అసలు అది రైజేనా అన్నది ముందు తేల్చుకోండి. చాలా చోట్ల ఎర్ర చిప్ 5 డాలర్లు, ఆకుపచ్చ చిప్ 25. ఎవరైనా నోరు మెదపకుండా ఒకే ఆకుపచ్చ చిప్ ముందుకు తోస్తే అది రైజ్ కాదు, 3 డాలర్ల కాల్ (ఉన్న పందేనికి సమానంగా పెట్టడం). "రైజ్" అని గానీ "ఇరవై అయిదు" అని గానీ అంటేనే అది రైజ్. డీలర్ ఎంత అని చెప్పేదాకా మీ ముక్కలు కదపకండి. మీ వంతు వచ్చినప్పుడు మీరూ ముందు నోటితో చెప్పి తర్వాత చిప్స్ పెట్టండి.

ఇక కొలత. రైజ్‌ను బ్లైండ్‌తో కాదు, అప్పటికి పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, ఉన్న డబ్బుతో పోల్చండి. ఎవరూ లింప్ చేయకపోతే, అంటే రైజ్ చేయకుండా 3 డాలర్లే పెట్టి లోపలికి రాకపోతే, మధ్యలో ఉన్నది 4 డాలర్లే. అక్కడ 20 అంటే పాట్‌కు ఐదింతలు, నిజంగానే పెద్దది. ముగ్గురు లింప్ చేశాక మధ్యలో 13 ఉంటాయి. అలాంటప్పుడు మామూలు కొలతే నాలుగు బ్లైండ్లు, ఆపైన ఒక్కో లింపర్‌కు ఇంకో బ్లైండ్. అంటే 12, 9 కలిపి 21. ఆ చోట 20 చూసి ఉలిక్కిపడనక్కర్లేదు. ఎవరైనా 6 డాలర్ల స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే ఇష్టపడి పెట్టే రెట్టింపు బ్లైండ్) పెట్టినప్పుడు వచ్చే 25 కూడా అంతే, నాలుగింతల చిల్లర మాత్రమే.

ఇప్పుడు ఆ రైజ్ చేసినవాడి వైపు నుంచి చూడండి. 4 డాలర్ల కోసం 20 పెట్టాడు. ఊరికే బెదిరించి గెలవాలంటే నూటికి 83 సార్లు అందరూ ఫోల్డ్ చేయాలి, అంటే ముక్కలు పడేయాలి. అతని వెనక ఆరుగురు ఉన్నారనుకుంటే, ఒక్కొక్కరు నూటికి మూడు చేతులతో (చెయ్యి అంటే పంచిన రెండు ముక్కలు) ఎదురు నిలబడినా చాలు, ఆ బెదిరింపు లాభసాటి కాదు. నూటికి మూడు అంటే జాక్‌ల జత నుంచి పైవన్నీ, ఏస్-కింగ్, అంతే. టేబుల్‌కంతటికీ మీరొక్కరే కాపలా కాయనక్కర్లేదు. "ప్రతిసారీ వీడికి వదిలేస్తున్నానే" అనే ఉక్రోషంతో చేసే కాల్స్ ఈ ఆటలో అన్నిటికంటే ఖరీదైనవి. వదిలేసింది 3 డాలర్ల బ్లైండ్, ఉక్రోషానికి పోయేది 20తో మొదలై స్టాక్ (ముందున్న చిప్స్ మొత్తం) దాకా.

రెండో పని: ఎవరు చేశారు, ఎందుకు చేశారు

ఒకే 20 డాలర్లు ముగ్గురి చేతుల్లో మూడు మాటలు చెబుతుంది.

రోజంతా 10, 12 పెట్టి, ఇప్పుడు ఉన్నట్టుండి 25 పెట్టిన మనిషి ఒకరు. ఇతని దగ్గర ఎక్కువగా టెన్‌ల జత, జాక్‌ల జత, క్వీన్‌ల జత, ఏస్-కింగ్ ఉంటాయి. మంచి చేతులే, కానీ ఫ్లాప్ మీద ఓవర్‌కార్డ్ (తన జత కంటే పెద్ద ముక్క) వస్తుందేమో, అసలు ముక్క తగలదేమో అన్న భయం ఉంటుంది. ఆ భయానికి కొలత ఆ 25. ఇతని మీద ఏస్-క్వీన్ ఆఫ్‌సూట్ (వేర్వేరు గుర్తులవి) పడేయాలి. టెన్‌ల జత నుంచి పైవి, ఏస్-కింగ్ మీద దాని గెలుపు అవకాశం మూడో వంతు కూడా ఉండదు.

ఏ చేతికైనా 20 పెట్టే మనిషి రెండోవాడు. గంటలో పదిహేను సార్లు రైజ్ చేస్తాడు. షోడౌన్‌లో, అంటే చివర ముక్కలు తెరిచేటప్పుడు, కింగ్-9, 8-7 సూటెడ్ (ఒకే గుర్తువి), ఏస్-4 చూపిస్తాడు. ఇతని మీద ఏస్-క్వీన్ బంగారం.

మూడో సందర్భంలో మనిషి కాదు, టేబులే అలా ఉంటుంది. 12 పెడితే ఐదుగురు కాల్ చేస్తారని తెలిసి అందరూ 20కి అలవాటుపడి ఉంటారు. అక్కడ సైజును బట్టి చేతిని పసిగట్టలేరు. పేరు 1/3 అయినా అది 2/5 ఆట అనుకుని ఆడండి.

ఎవరు ఏ రకమో తెలియాలంటే ఫోల్డ్ చేసిన చేతుల్లోనూ కళ్లు టేబుల్ మీదే ఉండాలి. రైజ్ ఎంత, ఏ సీటు నుంచి, చివర్లో చూపించిన ముక్కలేవి. ఒక మనిషి గురించి ఈ మూడూ కలిసి రెండు సార్లు దొరికితే చాలా సంగతి తెలిసిపోతుంది. ఏమీ తెలియని కొత్త మనిషి అయితే మొదటి రకం అనుకునే ఆడండి. ఈ స్థాయిలో పెద్ద రైజ్ వెనక ఎక్కువసార్లు నిజమైన చెయ్యే ఉంటుంది.

మూడో పని: స్టాక్‌ను రైజ్‌తో భాగించండి

ఆట మొత్తం తిరిగేది దీని చుట్టూనే. 300 డాలర్లతో కూర్చుంటే 100 బ్లైండ్లు ఉన్నాయి, లోతైన స్టాక్ అనుకుంటాం. రైజ్ 9 అయితే 300లో 33 రైజులు ఉన్నాయి. రైజ్ 20 అయితే 15 మాత్రమే. రైజ్ 30 అయితే 10. ఒక్క చిప్ కూడా పోకుండానే మీ స్టాక్ సగానికి తగ్గిపోయినట్టు. పాట్ వైపు నుంచి చూసినా ఇదే కనబడుతుంది. 9కి కాల్ చేసి ఫ్లాప్ చూస్తే పాట్ 22, మీ వెనక 291. పాట్‌కు పదమూడింతలు. 20కి కాల్ చేస్తే పాట్ 44, వెనక 280. ఆరింతల చిల్లర.

భాగించేటప్పుడు మీ ఇద్దరిలో ఎవరి స్టాక్ తక్కువో దాన్నే తీసుకోండి. మీ దగ్గర 600 ఉన్నా అతని దగ్గర 140 ఉంటే లెక్క 140 మీదే.

భాగిస్తే వచ్చేది 20 దాటితే చిన్న జతలకు, సూటెడ్ కనెక్టర్లకు (8-7 లాంటి ఒకే గుర్తు పక్కపక్క ముక్కలు) చోటుంది. చిన్న జతలు 15 దగ్గర కూడా కొందరి మీద నిలబడతాయి, అది కింద చూద్దాం. 12 నుంచి 20 మధ్య అయితే పెద్ద ముక్కలు, మధ్య జతలు, పొజిషన్ (అవతలివాడి తర్వాత మాట్లాడే సీటు) ఉంటే ఏస్-జాక్ సూటెడ్, కింగ్-క్వీన్ సూటెడ్ లాంటివి కొన్ని. 7 నుంచి 12 మధ్య కాల్ అనేది దాదాపు ఉండదు. మళ్లీ రైజ్ చేశారంటే స్టాక్ మొత్తానికి సిద్ధపడే చేయాలి. 7 కంటే తక్కువ అయితే ఆల్ ఇన్ (స్టాక్ మొత్తం పెట్టేయడం), లేదంటే ఫోల్డ్.

ఆ చివరిదాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే 100, 120 డాలర్లతో కూర్చునేవాళ్లు చాలామంది. మీ దగ్గర 120, చేతిలో ఏస్-కింగ్ ఆఫ్‌సూట్. 20 రైజ్ వచ్చింది. ఆల్ ఇన్ పెడితే, అతను 9ల జత నుంచి పైవి, ఏస్-క్వీన్, ఏస్-కింగ్‌తో కాల్ చేస్తాడనుకోండి. ఆ చేతుల మీద మీ గెలుపు దాదాపు 49 శాతం. పాట్ 244 కాబట్టి మీ వాటా 120కి ఇటూ అటూ. అంటే కాల్ వస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఫోల్డ్ వచ్చిన ప్రతిసారీ 24 డాలర్లు ఉత్త లాభం. సగం సార్లు ఫోల్డ్ చేసినా సగటున 12 డాలర్లు మీవి. అదే చేతితో 20కి కాల్ చేస్తే, మూడింట రెండు సార్లు ఏస్ గానీ కింగ్ గానీ తగలని ఫ్లాప్ వస్తుంది. అతని 30 డాలర్ల బెట్‌కు ముక్కలు పడేస్తారు. స్టాక్‌లో ఆరో వంతు అలా కరిగిపోతుంది.

కాల్‌కు నిలబడేవి, నిలబడనివి

చిన్న జతల గురించి చాలామందికి సగం లెక్కే తెలుసు. ఫ్లాప్ మీద సెట్ (చేతిలోని జతకు అదే ముక్క మూడోది) తగిలేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. ఏడున్నర సార్లు 20 చొప్పున పోతే 150. తగిలిన ఆ ఒక్కసారి కనీసం 150 రావాలి, అదీ సగటున. తగిలిన ప్రతిసారీ అవతలివాడు స్టాక్ ఇచ్చేయడు కాబట్టి వెనక కాల్‌కు పదిహేనింతలైనా ఉండాలంటారు. 20 రైజ్‌కు 300 అంటే సరిగ్గా ఆ గట్టు మీద ఉన్నారు.

మిగతా సగం లెక్క అవతలి మనిషిది. మొదటి రకం మనిషి దగ్గర క్వీన్‌ల జత ఉంటే, 9-5-2 ఫ్లాప్ మీద అతను దాన్ని వదలలేడు. మీ ఐదుల సెట్‌కు డబ్బు ఇతని దగ్గరే వస్తుంది. ఏ చేతికైనా 20 పెట్టే రెండో రకం దగ్గర అదే ఫ్లాప్ మీద కింగ్-8 ఉంటుంది. మీరు రైజ్ చేయగానే వెళ్లిపోతాడు. బిగువుగా ఆడేవాడి మీద చిన్న జతతో కాల్ చేయండి, వదులుగా ఆడేవాడి మీద మానేయండి. మొదట వింటే తలకిందులుగా అనిపిస్తుంది కానీ డబ్బు నడిచే దారి ఇదే.

7-6 సూటెడ్ లాంటివాటికి ఫ్లాప్ మీద రెండు జతలు గానీ అంతకు మించింది గానీ తగిలేది నూటికి ఐదారు సార్లే. ఫ్లష్ డ్రా (ఒకే గుర్తువి నాలుగు ఉండి ఐదోదాని కోసం చూడటం) ఇంకో పదకొండు సార్లు. పాట్‌కు ఆరింతలే వెనక ఉన్నప్పుడు ఆ డ్రాకు తర్వాత మిగిలే లాభం చాలదు. 20కి ఇవి వద్దు. అప్పటికే ముగ్గురు కాల్ చేసి, మీరు బటన్ (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర మాట్లాడే సీటు) మీద ఉండి, అందరి దగ్గరా 400 పైన ఉంటే ఆలోచించొచ్చు.

కింగ్-జాక్ ఆఫ్‌సూట్, క్వీన్-టెన్, ఏస్-9 ఆఫ్‌సూట్. డబ్బు ఎక్కువగా మాయమయ్యేది వీటి వల్లే. ఏమీ తగలకపోతే 20తో పోతుంది, ఫరవాలేదు. కింగ్ తగిలి, అతని దగ్గర ఏస్-కింగ్ ఉన్నప్పుడే అసలు దెబ్బ. పాట్ ముందే ఉబ్బి ఉంటుంది కాబట్టి మీకు ఆగడానికి చోటు కూడా దొరకదు.

బిగ్ బ్లైండ్‌లో ఉన్నప్పుడు "3 ఎలాగూ పెట్టాను కదా" అన్న మాట మనసులోకి రానివ్వకండి. 9 రైజ్‌కు ఇంకో 6 పెట్టి 13 కోసం ఆడుతున్నారు, 32 శాతం గెలిచినా సరిపోతుంది. 20 రైజ్‌కు ఇంకో 17 పెట్టి 24 కోసం ఆడాలి, 41 శాతం పైన కావాలి. అదీ ఫ్లాప్ తర్వాత ముందుగా మాట్లాడాల్సిన సీటు నుంచి. 9కి కాపాడుకునే చేతుల్లో సగానికి పైగా ఇక్కడ ఫోల్డ్. స్మాల్ బ్లైండ్‌లో అయితే కాల్ అన్న మాటే మర్చిపోండి. మళ్లీ రైజ్ చేయండి, లేదా వదిలేయండి.

మళ్లీ రైజ్ చేస్తే ఎంత పెట్టాలి

పొజిషన్ ఉంటే అతని రైజ్‌కు మూడింతలు, 60. బ్లైండ్ల నుంచి అయితే 75, 80. మధ్యలో కాల్ చేసినవాళ్లుంటే ఒక్కొక్కరికి ఇంకో 20 కలపండి. 20 రైజ్, ఇద్దరు కాల్ అయితే 60, 40 కలిపి 100. ఇంతకు తగ్గిస్తే అందరూ మళ్లీ కాల్ చేస్తారు, మీ క్వీన్‌ల జత నలుగురి మధ్య పడుతుంది.

మొదటి రకం మనిషి మీద క్వీన్‌ల జత నుంచి పైవి, ఏస్-కింగ్ చాలు. రెండో రకం మీద జాక్‌లు, టెన్‌లు, ఏస్-క్వీన్, ఏస్-జాక్ సూటెడ్, కింగ్-క్వీన్ సూటెడ్ దాకా దించండి. ఉత్త బ్లఫ్‌తో రీరైజ్ మాత్రం ఈ స్థాయిలో వద్దు. 20 పెట్టినవాడికి ఇంకో 40 పెట్టడం కష్టమనిపించదు. ఫ్లాప్ చూడాలనే అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చాడు.

మీరు 60 పెట్టాక అతను 300తో ఆల్ ఇన్ అంటే? మీరు ఇంకో 240 పెట్టాలి, మధ్యలో 364 ఉన్నాయి. 40 శాతం గెలుపు కావాలి. మీ దగ్గర క్వీన్‌ల జత ఉండి, అతని దగ్గర ఏస్‌లు, కింగ్‌లు, ఏస్-కింగ్ ఉంటాయనుకుంటే మీ గెలుపు కూడా సరిగ్గా 40 దగ్గరే. అంటే అతను అప్పుడప్పుడు జాక్‌లతోనో టెన్‌లతోనో అలా చేసేవాడైతే కాల్. గంటల తరబడి ముక్కలు పడేసి ఇప్పుడే మేల్కొన్న మనిషి అయితే, ఆ ఆల్ ఇన్‌లో ఏస్-కింగ్ కూడా ఉండకపోవచ్చు. వదిలేయండి.

ఫ్లాప్ తర్వాత

రీరైజ్ చేసి 60కి కాల్ వస్తే పాట్ 124, మీ వెనక 240. రెండు బెట్లలో ఆట అయిపోతుంది. జాక్‌ల జతతో ఉన్నారు, ఫ్లాప్ 9-6-3, అతను చెక్ చేశాడు, అంటే పందెం పెట్టకుండా వంతు దాటించాడు. 60 పెట్టండి. కాల్ వస్తే పాట్ 244, మిగిలింది 180. టర్న్ (మధ్యలో నాలుగో ముక్క) మీద అదీ పెట్టేయండి. స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) వచ్చిందేమో, సెట్ ఉందేమో అని ఇక్కడ ఆగిపోతే, ఎనిమిదుల జతతో కాల్ చేయడానికి సిద్ధంగా ఉన్నవాడి డబ్బు వదిలేసినట్టే. అదే ఫ్లాప్ ఏస్-8-4 అయితే చెక్. వెనక తక్కువ ఉంది కదా అని ప్రతి ఫ్లాప్ మీదా తోసేయకూడదు.

ఇప్పుడు మీరు కాల్ మాత్రమే చేసిన పాట్. బటన్ మీద కింగ్-క్వీన్ సూటెడ్, పాట్ 44, ఫ్లాప్ కింగ్-8-4. అతను 30 పెట్టాడు, కాల్ చేశారు, పాట్ 104. టర్న్ 5, అతను 75. కాల్ చేస్తే పాట్ 254, మీ దగ్గర మిగిలేది 175. రివర్ (చివరి, ఐదో ముక్క) మీద అతను ఆ 175 అడుగుతాడు. చూశారా, ఏ బెట్టూ పాట్‌ను మించలేదు, అయినా మూడు బెట్లలో స్టాక్ మొత్తం లోపలికి వెళ్లింది. రైజ్ 9 అయి ఉంటే ఇదే కొలతతో మూడు బెట్లు పెట్టినా మీ దగ్గర సగం స్టాక్ మిగిలేది. కాబట్టి నిర్ణయం రివర్ మీద కాదు, టర్న్ 75 దగ్గర తీసుకోవాలి. మొదటి రకం మనిషి అయితే అక్కడే ఫోల్డ్. టర్న్ మీద కూడా గట్టిగా పెట్టాడంటే ఏస్-కింగ్, ఏస్‌లు, సెట్ తప్ప పెద్దగా ఏమీ మిగలవు. రెండో రకం అయితే చివరిదాకా కాల్. రివర్ మీద 29 శాతం గెలిచినా లెక్క సరిపోతుంది, ఆ మనిషి అంతకంటే ఎక్కువసార్లే ఉత్త చేతులతో పెడతాడు.

సీటు, లింప్, రేక్

ఎక్కువగా రైజ్ చేసే మనిషి మీకు కుడివైపు ఉండాలి. అతను ముందు మాట్లాడాక మీరు మాట్లాడతారు. ఖాళీ సీటు రాగానే డీలర్‌ను అడిగి మారిపోండి, ఎవరూ తప్పుపట్టరు. అతను ఎడమవైపు ఉండిపోతే లింప్ మానేయండి. 3 పెట్టడం, 20 రాగానే పడేయడం గంటలో ఐదు సార్లు జరిగితే 15 డాలర్లు గాలికి పోయినట్టే. ఒక్కటి మాత్రం చేయొచ్చు. ఏస్‌లు, కింగ్‌లు, ఏస్-కింగ్ వచ్చినప్పుడు లింప్ చేసి, అతని 20 వచ్చాక 70 పెట్టడం. అతను దాదాపు ప్రతిసారీ రైజ్ చేస్తాడని రూఢి అయితేనే.

రేక్ (పాట్ నుంచి కాసినో తీసుకునే వాటా) కూడా కాల్‌కు వ్యతిరేకంగానే పనిచేస్తుంది. చాలా కాసినోల్లో ఫ్లాప్ రాకముందే పాట్ ముగిస్తే రేక్ తీయరు. మీ రీరైజ్‌కు అతను వెళ్లిపోతే 24 డాలర్లూ మీవే. కాల్ చేసి ఫ్లాప్ చూస్తే, పది శాతం తీసే చోట ఆ 44లో 4 డాలర్లు పెట్టెలోకి పోతాయి. టెక్సస్ క్లబ్బుల్లో పాట్ నుంచి తీయకుండా సీటుకు గంట లెక్కన తీసుకుంటారు. అక్కడ అంచున ఉన్న కాల్స్ కొంచెం నయం, కానీ మంచి చెయ్యి కోసం చేతులు కట్టుకుని కూర్చున్న గంటకు కూడా డబ్బు కట్టాలి.

చివరగా మీ ముందున్న చిప్స్. మూడో పని దగ్గర చెప్పిన గట్లు మీరు ఒక్క పాట్ ఓడగానే జరిగిపోతాయి. 300 కాస్తా 200 అయితే 20 రైజ్‌కు అది 10 మాత్రమే. ఇందాక కాల్ చేసిన ఐదుల జత ఇప్పుడు ఫోల్డ్. లోతుగా ఆడాలనుకుంటే చేతికీ చేతికీ మధ్యలోనే చిప్స్ కొనుక్కుని 300కి నింపండి. ముక్కలు పంచాక కుదరదు. నింపడం ఇష్టం లేకపోతే ఆ 200తోనే ఆడండి. కానీ తర్వాతి రైజ్ రాగానే ముందు భాగించండి, తర్వాతే మీ ముక్కలు చూడండి.